పద్దెనిమిదో రోజు

“నేనే వేసుకోగలను,” అంటూ అస్గెర్ కాలు చాపాడు.

విబెకె అప్పటికే అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన బిగుతు మేజోళ్ళు ఊరికే లాగితే ఎక్కవు. మడమదాకా తిరగేసి, ముందు వేళ్ళకి తొడిగి, మడమ దగ్గర ఆగి సర్ది, అక్కణ్ణుంచి రెండు బొటనవేళ్ళతో పిక్క మీదికి పాకించాలి. ఎక్కడా ముడత పడకూడదు. పడితే మధ్యాహ్నానికి కాలు కమిలి ఎర్రబడుతుంది, అప్పుడు “నువ్వు సరిగ్గా వేయలేదు” అంటాడు. అంటే వేసుకోవడం అతని ఘనత, సరిగ్గా వేయకపోవడం ఆమె తప్పు. అస్గెర్ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన ఈ మూడు నెలల్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ పనులన్నీ ఈ పద్ధతిలోనే పంచుకున్నారు.

చాకిరీ గురించి ఆమెకి పెద్ద బాధ లేదు. మనిషి చావు గుమ్మందాకా వెళ్ళి వచ్చాడు, చేయకపోతే ఎలా. ఒళ్ళు మండించేది ఆ మాటే. చొక్కా గుండీలు ఆమె పెడుతుంటే “నేనే పెట్టుకోగలను.” స్నానాలగదిలో స్టూలు వేసి కూర్చోబెట్టి వీపు రుద్దుతుంటే “నేనే చేసుకుంటున్నాగా.” ఉడికిన బంగాళాదుంపల్ని మెత్తగా చిదిమి, మీద గ్రేవీ పోసి, ఫోర్కు చేతిలో పెడితే “చూశావా, తినడం వచ్చేసింది నాకు.” ఆ ‘నేనే’లో తను ఏ మూలన్నా ఉందేమోనని వెతుక్కుంటుంది విబెకె. ఉండదు.

“కోటు,” అన్నాడు అస్గెర్ లేచి నిలబడి, కుడిచెయ్యి వెనక్కి చాపి. తిరిగి చూడడు. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చినట్టు, చెయ్యి చాపితే అక్కడ కోటు ఉంటుంది. ఉంది కూడా. ఆమె కుడిచేతికి తొడిగి, వెనకనించి తిప్పి, ఎడమచేతికి తొడిగి, కాలరు సర్ది, తన కోటు తనే వేసుకుని, కారు తాళాలు తీసుకుంది.

ఇవాళ పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అక్కడి ఇంటెన్సివ్ కేర్ వార్డులో పడుకుని బయటపడినవాళ్ళని మూడు నెలలు గడిచాక ఒకరోజు వెనక్కి పిలవడం వాళ్ళ ఆనవాయితీ. కాఫీ ఇస్తారు, పడుకున్న మంచం చూపిస్తారు, ఆ రోజుల్లో నర్సులు రోగి కోసం రాసిపెట్టిన డైరీ చేతికిస్తారు. ఆ వార్డులో ఉన్నన్నాళ్ళూ ఏం జరిగిందో రోగికి గుర్తుండదు, లేకపోతే జరగనిది గుర్తుంటుంది. అందుకని ‘ప్రియమైన ఫలానా, ఇవాళ నీకు ఇలా జరిగింది’ అని ఉత్తరం రాసినట్టు రోజుకి నాలుగు వాక్యాలు రాసి ఉంచుతారు.

అస్గెర్‌కి గుర్తున్నది జరగనిదే. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, రుజువు లేనిదే వానొస్తోందన్నా నమ్మడు. నవంబరులో ఊపిరితిత్తులకి పట్టిన జబ్బు రక్తమంతా పాకి, గొంతులో గొట్టంతో, ఊపిరి మిషను మీద ముప్పై నాలుగు రోజులున్నాడు. గొట్టం తీసి మాట పెగిలాక అతను పూర్తిగా అనగలిగిన మొదటి వాక్యం, “నువ్వు నా చేతులు కట్టేశావు.”

అతని లెక్కలో అది ఆసుపత్రి కాదు, కార్లని సముద్రం దాటించే ఫెర్రీ. కార్లు పెట్టే కింది అంతస్తులో, నూనె కంపులో అతన్ని పడుకోబెట్టారు. విబెకె వచ్చి రెండు చేతులూ కట్టేసి, పైన కెఫేలో కిటికీ పక్కన కూర్చుని రొయ్యల శాండ్‌విచ్ తింది. మళ్ళీ కిందికి రాలేదు. రొయ్యల మీద నిమ్మకాయ బద్ద ఉందని కూడా చెప్తాడు. కింద పడుకున్నవాడికి పైనున్న నిమ్మబద్ద ఎలా కనిపించిందని అడగబోయి నాలుక్కరుచుకుంది ఒకసారి.

నిజానికి జరిగింది వేరు. ఆ వార్డులో మత్తుమందు బాగా తక్కువ ఇస్తారు, మిషను మీద ఉన్నా మనిషిని వీలైనంత మెలకువగా ఉంచుతారు. అదే మంచిదని వాళ్ళ నమ్మకం. కానీ సగం మెలకువలో ఉన్న మనిషి మొట్టమొదట చేసే పని గొంతులో గొట్టం పీకడానికి చూడడం. చేతులు కట్టేయడం అక్కడ ఒప్పుకోరు. కాబట్టి ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఆ చేతులు పట్టుకోవాలి. ఆ ఎవరో ఒకరు నర్సే అయి ఉండాలి, కానీ ఉన్న నర్సులు ఉన్న మంచాలకి సరిపోరు. మొదటిరోజు మైబ్రిట్ అనే నర్సు, “విబెకె, ఒక్క అరగంట పట్టుకుంటావా? పక్క మంచం దగ్గర పనుంది,” అంది. ఆ అరగంట డిసెంబరు పండగల దాకా సాగింది. పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి సాయంత్రం ఏడింటిదాకా అతని చేతులు తన చేతుల్లో పెట్టుకుని కూర్చుంది. గుంజుకుంటుంటే “ఇక్కడే ఉన్నాను, ఇక్కడే ఉన్నాను” అని చెవిలో చెప్పింది. నోరు స్పాంజితో తుడిచింది, గడ్డం గీసింది, పాదాలకి నూనె రాసింది, మిషను ఏ కూత కూస్తే ఎవర్ని పిలవాలో నేర్చుకుంది. “నువ్వుంటే మందు పెంచక్కర్లేదు మాకు,” అనేవాళ్ళు నర్సులు. ఆ మాటకి పొంగిపోయింది పిచ్చిమొహం.

ఇదంతా ఇంటికొచ్చాక పదిసార్లు చెప్పింది. అస్గెర్ శ్రద్ధగా వింటాడు. విని, “నువ్వలా చెప్తున్నావు,” అంటాడు. అతని తల్లి గుద్రున్‌కి ఎనభై నాలుగేళ్ళు, ఆదివారం ఆదివారం కాఫీకి వస్తుంది. “నువ్వలాంటిదానివి కాదని నాకు తెలుసమ్మా విబెకె. కానీ అంతమంది ఉండగా వాడి బుర్రకి నువ్వే ఎందుకు తోచావో మరి,” అంది ఒక ఆదివారం, కేకు ముక్క నోట్లో పెట్టుకుంటూ. ఇంకో ఆదివారం, “మా ఆయన పోయేటప్పుడు నేను మంచం పక్కనించి కదల్లేదు,” అంది. మామగారు పోయింది చేపల పడవలో, చేతిలో గాలంతో, గుండె ఆగి. అక్కడ మంచమే లేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అందుకే ఈ డైరీ కోసం మూడు నెలలుగా ఎదురుచూస్తోంది విబెకె. నర్సులు రాసింది, తారీకులతో ఉన్నది, అంతకంటే రుజువు ఏముంటుంది.

డైరీతోపాటు ఇంకొకటి కూడా తేలాలి ఇవాళ. విబెకె ఇరవై ఆరేళ్ళుగా స్వెన్‌బోర్గ్ రేవులో తెరచాపలు కుట్టే షెడ్డులో పనిచేస్తోంది. నవంబరు నుంచి సెలవు. ఆ షెడ్డు యజమాని యూటె నిన్న ఫోన్ చేసింది. “మార్చి వచ్చేసింది విబెకె, పడవలవాళ్ళు చిరిగిన తెరచాపలు భుజాన వేసుకుని గుమ్మం ముందు నిలబడ్డారు. నీ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు నేను. కానీ సోమవారం నువ్వు రాకపోతే ఇంకొకర్ని కూర్చోబెట్టాలి. తప్పుగా అనుకోకు.” విబెకె తప్పుగా అనుకోలేదు. ఫోన్ పెట్టేసి తన కుడి అరచెయ్యి చూసుకుంది. మందపాటి గుడ్డలోంచి సూది నెట్టీ నెట్టీ బొటనవేలి కింద కాయకాచిన చోటు మెత్తబడిపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది.

సోమవారం ఆమె వెళ్ళాలంటే పొద్దున గంటన్నర, సాయంత్రం గంట, మున్సిపాలిటీ వాళ్ళ ఇంటి సాయం మనిషి రావాలి. ఆ మనిషి రావాలంటే ఇవాళ డాక్టరు ఒక కాగితం నింపి, అస్గెర్‌కి ఏయే పనుల్లో సాయం కావాలో రాసి పంపాలి. అంతే. ఒక్క కాగితం.

కారులో సగం దారిదాకా అస్గెర్ గేరు కర్రనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, “మూడో గేరులో ఉండాలి ఇక్కడ,” అన్నాడు.

“మూడులోనే ఉంది.”

“శబ్దం అలా లేదు.”

విబెకె గేరు మార్చలేదు. “డైరీలో అన్నీ ఉంటాయి, చూద్దువుగాని,” అంది.

“ఉంటే మంచిదే. నాకు మాత్రం నిన్ను తప్పు పట్టాలని సరదానా? నాకు కనిపించింది నేను చెప్తున్నాను.”

వార్డు పక్కన చిన్న గది. బల్ల మీద దాల్చినచెక్క బన్నులు, ఫ్లాస్కులో కాఫీ. మైబ్రిట్ వచ్చి విబెకెని గట్టిగా కౌగిలించుకుంది. “ఎలా ఉన్నావే? చిక్కిపోయావు,” అంది. ఈ మూడు నెలల్లో అందరూ ‘అస్గెర్ ఎలా ఉన్నాడు’ అని అడిగినవాళ్ళే. విబెకె అస్గెర్ కోటు విప్పి, మడిచి, తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

డైరీ నీలం అట్టతో, స్కూలు పిల్లల నోటుపుస్తకంలా ఉంది. అస్గెర్ కళ్ళద్దాలు పెట్టుకుని, క్లాసులో చదివినట్టు పైకి చదవడం మొదలుపెట్టాడు.

“‘మొదటి రోజు. ప్రియమైన అస్గెర్, నిన్ను అంబులెన్సులో తీసుకొచ్చారు. నీ భార్య కూడా వచ్చింది.’” తలెత్తి విబెకె వైపు చూసి తల ఊపాడు. ఒకటి అన్నట్టు వేలు మడిచాడు.

“‘నాలుగో రోజు. ఇవాళ నీ తమ్ముడు హెన్నింగ్ జట్లాండ్ నుంచి అంత దూరం కారు నడుపుకుంటూ వచ్చాడు. నీ చెయ్యి పట్టుకుని ఫుట్‌బాల్ సంగతులన్నీ చెప్పాడు. ఎంత ప్రేమ నువ్వంటే!’”

హెన్నింగ్ ఉన్నది నలభై నిమిషాలు. అందులో పది నిమిషాలు పార్కింగ్ దొరకలేదని చెప్పాడు. చెయ్యి పట్టుకున్న మాట నిజమే, ఆ కాసేపూ విబెకె బాత్రూముకి వెళ్ళింది.

“‘తొమ్మిదో రోజు. ఇవాళ నీకు గడ్డం గీశాం. అందగాడివి బయటపడ్డావు.’ ‘పన్నెండో రోజు. నీ పుట్టినరోజు! మంచానికి చిన్న జెండా కట్టాం, అందరం పాట పాడాం.’”

ఆ జెండా విబెకె వంటింటి అలమరలోంచి తెచ్చింది, పిల్లల చిన్నప్పుడు పుట్టినరోజులకి కేకు పక్కన పెట్టేది. ఎవరు గీశారు, ఎవరు కట్టారు. ‘గీశాం’, ‘కట్టాం’. ఆ ‘ఆం’లో ఆమె ఉందనే చెప్పుకోవాలి, ఓపికున్నవాళ్ళు. ఆమె వేళ్ళు ఒళ్ళో కోటు గుండీని తిప్పుతూ ఉన్నాయి. పేజీ తిరిగినప్పుడల్లా ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంటోంది. ఆమె ఇంటినుంచి రేడియో తెచ్చిన రోజు వచ్చింది. “రెండు,” అన్నాడు అస్గెర్. హెన్నింగ్ పంపిన గ్రీటింగ్ కార్డు గురించి అర పేజీ వచ్చింది. ఆ తర్వాత అస్గెర్ గొంతు ఆగింది. కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చదివాడు, ఈసారి నెమ్మదిగా.

“‘పద్దెనిమిదో రోజు. నీ భార్య ఇవాళ రాలేదు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్నం నువ్వు బాగా కంగారుపడ్డావు. మత్తుమందు పెంచాం. సాయంత్రానికి ప్రశాంతంగా నిద్రపోయావు.’”

అస్గెర్ ఆ వరస మీద వేలు పెట్టాడు.

“రాలేదు,” అన్నాడు అస్గెర్. “చూడు. రాసి ఉంది.”

“అస్గెర్, ఆ ఒక్కరోజే రాలేదు. అందుకే రాశాం,” అంది మైబ్రిట్ కంగారుగా. “మిగతా రోజులన్నీ ఇక్కడే ఉంది. రోజూ ఉండేదాన్ని ఏం రాస్తాం చెప్పు? కొత్తగా ఏం జరిగిందో అదే రాస్తాం. మంచం ఉంది, కిటికీ ఉంది అని రోజూ రాయం కదా, అలాగే...” అని ఆగిపోయింది. మొహం చెవులదాకా ఎర్రబడింది.

అస్గెర్ చివరిదాకా పేజీలు తిప్పాడు. “ముప్పై నాలుగు రోజుల్లో నాలుగుసార్లు,” అన్నాడు. “అందులో ఒకటి రాలేదని. హెన్నింగ్ ఐదుసార్లు. నేనేం అనట్లేదు విబెకె. ఉన్నది లెక్కపెట్టాను.”

విబెకెకి ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపం ముంచుకొచ్చింది. పదిహేడు రోజులు పళ్ళు బిగబట్టి ఆ చేతులు పట్టుకుంటే, వెనక పన్ను నిలువునా చీలింది. “దేన్ని కొరికారమ్మా ఇంత గట్టిగా?” అని అడిగాడు పంటి డాక్టరు. నోట్లో అతని పరికరాలుండి జవాబు చెప్పలేకపోయింది. ఆ పంటి కోసం ఒక్కరోజు వెళ్తే, ఆ ఒక్కరోజే రాతలోకి ఎక్కింది. ఉన్న ముప్పై మూడు రోజులూ గాలిలో కలిసిపోయాయి. ఏడవకూడదనుకుంది. ఏడిస్తే అది కూడా ‘కంగారుపడింది’ అని రాసుకుంటారు. ఇల్లూ ఇంతే. ముప్పై ఒక్కేళ్ళు వండింది ఎవరికీ గుర్తుండదు, ఉప్పు ఎక్కువైన రోజు మాత్రం అత్తగారికి తారీకుతో సహా గుర్తు. మూడు నెలలు ఈ నోటుపుస్తకాన్ని నమ్ముకుని కూర్చున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఇలా ఇవ్వు,” అంది మైబ్రిట్ పెన్ను తీసి. “అన్ని పేజీల్లోనూ ఇప్పుడు రాసేస్తాను. ‘విబెకె వచ్చింది, చెయ్యి పట్టుకుంది’ అని.”

“వద్దు,” అంది విబెకె. “ఇప్పుడు రాస్తే నేను అడిగి రాయించుకున్నట్టు ఉంటుంది.”

అప్పుడు డాక్టరు సూనె వచ్చాడు. పొడుగ్గా, మర్యాదగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే మనిషి. చేతిలో ఆ కాగితం ఉంది. అస్గెర్ చెయ్యి పట్టుకుని ఊపి ఊపి పలకరించాడు, విబెకెకి కాఫీ పోశాడు, కూర్చున్నాడు.

“పది నిమిషాల పని. బట్టలు వేసుకోవడం?”

“నేనే,” అన్నాడు అస్గెర్. అని విబెకె వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఎందుకు ఊపిందో ఆమెకే తెలియదు. ముప్పై ఒక్కేళ్ళ అలవాటు, నలుగురిలో అతని మాట కాదనకూడదని. ఎవరూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు, అయినా మెడ దానంతటదే ఊగింది.

“స్నానం?”

“నేనే.”

మళ్ళీ ఊగింది.

“మందులు వేళకి వేసుకోవడం?”

“నేనే. డబ్బాలో ఉంటాయి, రోజుల వారీగా.” డబ్బాలోకి అవి ఎలా వస్తాయో అతను చెప్పలేదు. ఈసారి విబెకె తల ఊపలేదు. కానీ డాక్టరు కాగితం వైపే చూస్తున్నాడు.

“భోజనం?”

“నేనే.”

“బ్రహ్మాండం!” అన్నాడు సూనె, నిజమైన సంతోషంతో. “నిజం చెప్పనా? మత్తు తక్కువిస్తే మంచిదా, ఎక్కువిస్తే మంచిదా అని ఇంకా అన్ని దేశాల్లోనూ వాదించుకుంటూనే ఉన్నారు. బతికించడం వచ్చింది మాకు. బతికినవాళ్ళు ఇంటికెళ్ళి ఎలా ఉంటున్నారన్నది ఇంకా సరిగ్గా తెలీదు. అందుకే మేం ఈ స్టడీ చేస్తున్నాం. మెలకువగా ఉంచిన మనిషి, మూడు నెలలకి అన్ని పనులూ స్వయంగా! మీరే మా సమాధానం, అస్గెర్.” కాగితం మీద వరసగా నాలుగు టిక్కులు పెట్టాడు. “ఇంటి సాయం అవసరం లేదని మున్సిపాలిటీకి పంపించేస్తాను. పదండి, మీ మంచం చూద్దాం. అక్కడ కాస్త చలిగా ఉంటుంది, కోటు వేసుకోండి.”

నాలుగు టిక్కులు. యూటె షెడ్డులో కిటికీ పక్కన ఆమె కుర్చీ, కుర్చీ కోళ్ళ కింద అరిగిన చెక్క, బల్ల మీద సూది నెట్టడానికి ఆమె అరచేతి కొలతకి కుట్టించుకున్న తోలుపట్టీ, మైనం రాసిన దారం వాసన, అన్నీ ఆ నాలుగు టిక్కుల కింద పడిపోయాయి. ఆమె నోరు తెరవాలి. తెరిస్తే ఏమనాలి? ‘మా ఆయన అబద్ధం చెప్తున్నాడు’ అనాలా? అతను అబద్ధం కూడా చెప్పట్లేదు, అదే కదా బాధ. అతను నిజంగానే తనే చేసుకుంటున్నానని నమ్ముతున్నాడు. ఆమె చేతుల్ని అతను ఎప్పుడో తన చేతుల లెక్కలో వేసేసుకున్నాడు.

అస్గెర్ బల్ల మీద చేతులానించి లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి వెనక్కి చాపాడు.

కోటు విబెకె ఒళ్ళో ఉంది. ఆమె లేవలేదు.

చెయ్యి గాల్లో ఉంది. వేళ్ళు ఒకసారి తడిమాయి. ఇంకొంచెం వెనక్కి జరిగి మళ్ళీ తడిమాయి. డాక్టరు తలుపు దగ్గర ఆగి చూస్తున్నాడు. మైబ్రిట్ చూస్తోంది.

“విబెకె,” అన్నాడు అస్గెర్, తిరక్కుండానే.

“ఊఁ.”

“కోటు.”

ఆమె కోటు తీసి, అతని కుర్చీ వీపు మీద చక్కగా వేసి, మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది. “అక్కడుంది,” అంది.

అస్గెర్ తిరిగాడు. కోటు అందుకున్నాడు. కుడిచెయ్యి దూర్చాడు. ఎడమచెయ్యి కోసం వెనక్కి వంగేసరికి తూలి, బల్ల పట్టుకున్నాడు. కప్పు ఒలికింది. మైబ్రిట్ ఒక అడుగు ముందుకేసి, విబెకె మొహం చూసి ఆగిపోయింది. అస్గెర్ రెండోసారి ప్రయత్నించాడు. మూడోసారి. కోటు ఎడమవైపు నేలదాకా వేలాడుతూ ఉంది. లేచి వెళ్ళి తొడిగేయాలని విబెకె చేతులు లాగాయి. ఆ రెండు చేతుల్నీ ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుంది, అతని చేతుల్ని పట్టుకున్నట్టే.

“డాక్టరుగారూ,” అంది. గొంతు ఆమె అనుకున్నదానికంటే మామూలుగానే వచ్చింది. “పద్దెనిమిదో రోజు మందు ఎందుకు పెంచారు?”

సూనె కనుబొమలు ముడిచి మైబ్రిట్ వైపు చూశాడు. మైబ్రిట్ డైరీ చూపించింది. “ఆ రోజు... మనుషులు తక్కువున్నారు,” అన్నాడు. “పక్కన కూర్చోడానికి ఎవరూ లేరు.”

“మిగతా ముప్పై మూడు రోజులూ మనుషులు ఎక్కువున్నారా?”

అతను చేతిలోని కాగితం వైపు చూశాడు.

“మీ స్టడీలో నర్సులు ఎన్ని గంటలు కూర్చున్నారో రాశారు కదా? నేను కూర్చున్న గంటలు ఏ గడిలో రాశారు?”

“అలాంటి గడి లేదు,” అన్నాడు సూనె మెల్లగా. మొహం చూస్తే ఆ ప్రశ్న అతనికి కొత్తదనే అనిపించింది.

అస్గెర్ అలాగే, ఒక చేతికే కోటుతో, కుర్చీలో కూర్చుండిపోయాడు. డైరీ దగ్గరికి లాక్కున్నాడు. మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టాడు, పెదాలు కదుపుతూ. మందు పెంచాం అన్న మాట కోసం వెతుకుతున్నాడని విబెకెకి తెలుసు. పదో రోజు లేదు. పదిహేడో రోజు లేదు. పద్దెనిమిది ఉంది. పంతొమ్మిది లేదు. ఇరవై ఆరు లేదు. ముప్పై నాలుగు లేదు. పుస్తకం మూసి తన మణికట్టు చూసుకున్నాడు, అటూ ఇటూ తిప్పి. కట్టిన గుర్తు ఏమన్నా ఉందేమో అన్నట్టు.

“అయితే ఆ చేతులు...” అన్నాడు.

అతని వాక్యం సగంలో ఆగితే పూర్తిచేయడం విబెకె పని. జబ్బుకి ముందు నుంచీ ఆమె పనే. ఈసారి చేయలేదు. మూడు నెలల కిందట ఈ క్షణం కోసం ఏమైనా ఇచ్చేది. ఇప్పుడది వచ్చి ముందు నిలబడితే, సోమవారానికి అది చాలదని తెలుస్తోంది.

“ఆ లెక్క ఇంటికెళ్ళి తీరిగ్గా చేసుకో,” అంది. “డాక్టరుగారూ, మొదటి ప్రశ్న మళ్ళీ అడగండి. నన్ను చూసి అడగండి.”

సూనె తలుపు దగ్గర్నుంచి వచ్చి కూర్చున్నాడు. నాలుగు టిక్కుల మీదా గీత కొట్టాడు. “బట్టలు వేసుకోవడం?”

“నేను వేస్తాను. మేజోళ్ళకి పావుగంట, మిగతావాటికి ఇరవై నిమిషాలు. స్నానం నేను చేయిస్తాను, నలభై నిమిషాలు. మందులు నేను సర్దుతాను. తిండి చిదిమి పెడతాను. కసరత్తులు రోజుకి రెండుసార్లు నేను చేయిస్తాను, అది మీరు అడగలేదు. ఆయనకి కోపమొస్తే నేను పడతాను, దానికీ గడి ఉండదనుకుంటా.”

“లేదు.”

“పక్కన రాయండి. ఖాళీ ఉందిగా.”

అతను రాశాడు. చిన్న అక్షరాలతో, అంచు పొడుగునా. అస్గెర్ తల దించుకుని ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. “నలుగురిలో చెప్పాలా ఇదంతా,” అన్నాడు చివరికి, గొణిగినట్టు.

“ఇంట్లో పదిసార్లు చెప్పాను.”

సూనె సంతకం పెట్టి కాగితం మడిచాడు. “పంపిస్తాను. కానీ మున్సిపాలిటీ వాళ్ళు మనిషిని ఇవ్వడానికి రెండు వారాలు పడుతుందేమో. ఈలోపు...” అని విబెకె వైపు ఆశగా చూశాడు. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. ‘ఒక్క అరగంట పట్టుకుంటావా’ అన్న చూపు.

“ఈలోపు గుద్రున్ ఉంది, మంచం పక్కనించి కదలని మనిషి. హెన్నింగ్ ఉన్నాడు, డైరీలో ఐదుసార్లు ఉన్నాడు. మీరంతా ఉన్నారు,” అంది విబెకె. “మీ పెన్ను ఒకసారి ఇవ్వండి.”

డైరీ తన వైపు తిప్పుకుంది. ముప్పై నాలుగో రోజు తర్వాత పేజీలన్నీ ఖాళీ. ఒక కొత్త పేజీ తీసి, అరచేత్తో నున్నగా రుద్ది, మైబ్రిట్ రాసినట్టే గుండ్రటి అక్షరాలతో రెండు వరసలు రాసింది. పెన్ను మూత పెట్టి, పుస్తకాన్ని అస్గెర్ ముందుకి తోసింది. లేచి తన కోటు వేసుకుంది.

అస్గెర్ కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు. చదివేది పైకి చదవడం అతని అలవాటు. చదివాడు.

“‘సోమవారం. ప్రియమైన అస్గెర్, నీ భార్య ఇవాళ ఇంట్లో లేదు. పనికి వెళ్ళింది.’”